ఏటికో ఖాతా, బావికో ఖాతా

1980 జూలైలో బచావత్ ట్రిబ్యునల్ గోదావరి జలాల తీర్పు ఇచ్చింది. ఏ ఉపనది నీళ్లు ఎవరివి, ఎక్కడ ఎంత మట్టం దాకా నీరు నిలపవచ్చు అన్న లెక్కలు అందులో పేజీలకు పేజీలు ఉన్నాయి. వాటి మధ్య, చర్చకు అరుదుగా వచ్చే నిబంధన ఒకటి ఉంది. బేసిన్‌లోని రాష్ట్రాలు తమ తమ హద్దుల్లోని భూగర్భ జలాన్ని స్వేచ్ఛగా వాడుకోవచ్చు, ఆ వాడకాన్ని గోదావరి నీటి వాడకంగా లెక్కగట్టకూడదు అన్నది దాని సారం. అంతకుముందు కృష్ణా తీర్పులోనూ ఇదే మాట ఉంది. ఏరు నీటిపారుదల శాఖకు, బావి భూగర్భ జల శాఖకు అని ముందునుంచీ ఉన్న విభజనకు దీంతో తీర్పు బలం కూడా తోడయింది. కానీ ఎండాకాలం గోదావరి ఇసుకలో చెలమ తీసుకుని బిందె నింపుకునే మనిషికి ఆ గీత ఎక్కడా కనిపించదు. మూరెడు లోతున ఊరే ఆ నీళ్లు ఏటివీ అవును, నేలవీ అవును. ఎంత భాగం ఎవరిది, ఎటునుంచి ఎటు పోతోంది, ఎన్నాళ్లకు చేరుతుంది అన్నవే తేలవలసిన సంగతులు. నదికీ నేలలోని నీటిపొరకూ మధ్య జరిగే రాకపోకలను కంప్యూటర్‌లో మోడల్ కట్టి లెక్కించే విద్య పుట్టింది ఈ మూడింటి కోసమే. ఆ విద్యను గోదావరి ఒడ్డుకు తెస్తే ఏం తేలుతుంది, ఏం తేలదు అన్నది ఈ వ్యాసం పరిశీలిస్తుంది. నా వాదన ఒక్కటే. సమీకరణాలు, ప్రోగ్రాములు, కంప్యూటర్లు ఏనాటినుంచో అందుబాటులో ఉన్నాయి. మోడల్ నిలిచేదీ కూలేదీ ఏటి అడుగున తీసే కొలతల మీద. ఆ కొలతలను బ్యారేజీకి పోసే కాంక్రీటుతో సమానమైన ప్రజాపనిగా చూడనంతకాలం రెండు ఖాతాలూ కలవవు.

ఆ పరిశీలనకు ఎంచుకున్న చోటు గంగారం. ఉమ్మడి వరంగల్ జిల్లాలో ఆ పేరుతో ఒకటికి మించి ఊళ్లున్నాయి. మహబూబాబాద్ అడవుల్లోని గంగారం 2016లో మండల కేంద్రమైంది. ఇక్కడ ముఖ్యంగా చెప్పుకుంటున్నది ఏటూరునాగారం ప్రాంతంలో గోదావరి ఒడ్డున ఉన్న గంగారం. అది జయశంకర్ భూపాలపల్లి జిల్లాలో ఉండి, 2019లో ములుగు జిల్లా ఏర్పడినప్పుడు అటు వెళ్లింది. జె. చొక్కారావు దేవాదుల ఎత్తిపోతల పథకం నీళ్లు ఎత్తేది అక్కడినుంచే. ప్రాణహిత కాళేశ్వరం దగ్గర, ఇంద్రావతి అక్కడికి దిగువన గోదావరిలో కలిశాక వచ్చే చోటు అది. అందుకే అక్కడ నీరు పుష్కలం. మొదటి రూపకల్పనలో ఏడాదికి 170 రోజులు మోటార్లు నడిపి 38 టీఎంసీలకు పైగా తోడాలనుకున్నారు, తరువాత లక్ష్యం 60 టీఎంసీలకు పెరిగింది. ఆ నీరు భీంఘనపూర్, ధర్మసాగర్‌ల మీదుగా పైపుల్లో, సొరంగాల్లో ప్రయాణించి జనగామ మెట్ట మీది గండిరామారం, నవాబుపేట, అశ్వరావుపల్లి జలాశయాల దాకా ఎక్కుతుంది. వేసవిలో ఏరు దిగిపోతే మోటార్లకు నీరందదు. ఆ చిక్కు తీర్చడానికే గంగారానికి దిగువన తుపాకులగూడెం దగ్గర సమ్మక్క బ్యారేజీ కట్టారు. దాని పూర్తి నీటిమట్టం 83 మీటర్లు, నిల్వ దాదాపు 7 టీఎంసీలు. మన ప్రశ్నకు ఇంతకన్నా మంచి ప్రయోగశాల దొరకదు. ఒకచోట నది మట్టాన్ని శాశ్వతంగా పైకెత్తారు, అదే నీటిని తీసుకెళ్లి వంద కిలోమీటర్ల అవతల చెరువుల్లో పోస్తున్నారు. ఆ రెండుచోట్లా నేల కింద ఏదో మారుతూ ఉండాలి. ఆ మార్పుకు లెక్క చెప్పగలమా?

నీరు పల్లమెరుగు అన్న మాట నేల లోపలా నిజమే. కాకపోతే అక్కడి పల్లం కంటికి కనిపించే పల్లం కాదు, నీటిమట్టాల మధ్య తేడా. ఫ్రాన్స్‌లోని దిజోఁ పట్టణానికి నీటి సరఫరా ఏర్పాటు చేసిన ఇంజనీరు హెన్రీ డార్సీ, ఇసుక గొట్టాల్లో నీళ్లు పోసి కొలిచి 1856లో దీన్ని సూత్రంగా నిలబెట్టాడు. ఇసుక గుండా పారే నీరు మట్టాల తేడాను బట్టి, ఇసుక పారనిచ్చే గుణాన్ని బట్టి ఉంటుంది. వానలు ఆగిన తరువాత ఒడ్డు బావుల మట్టం ఏటి మట్టంకన్నా ఎత్తున ఉంటుంది కనుక ఊట ఏటిలోకి దిగుతుంది. సంక్రాంతి దాటాక కూడా వాగులు పారుతున్నాయంటే అది వాన నీరు కాదు, నేల నిదానంగా విడుస్తున్న ఊట. వరద రోజుల్లో పారుదల తిరగబడుతుంది. 2022 జూలైలో భద్రాచలం దగ్గర నీటిమట్టం 71 అడుగులు దాటినప్పుడు గోదావరి పొలాల మీదికి ఎక్కడమే కాదు, ఒడ్డు మట్టిలోకీ చొరబడింది. అలా చొరబడ్డ నీటిలో చాలా భాగం వరద తీసిన వారాల్లో తిరిగి ఏటికే చేరుతుంది. ఇచ్చిపుచ్చుకోవడం ఇలా రుతువును బట్టి దిశ మార్చుకుంటూ ఉండేది. బ్యారేజీ వెనక నీరు ఏడాది పొడవునా 83 మీటర్ల దరిదాపుల్లో నిలిస్తే ఆ మేర ఈ మార్పిడి దాదాపు ఆగిపోతుంది. అంతకుముందు వేసవిలో పుచ్చుకునే ఏరు ఇకపై అన్ని కాలాల్లోనూ ఇచ్చే ఏరవుతుంది. బావులున్న రైతుకు ఇది మేలే. పల్లపు పొలం రైతుకు మాత్రం వేరుకు ఊపిరాడని చెమ్మగా మిగలవచ్చు. ఎక్కడ మేలు ఆగి ఎక్కడ చెరుపు మొదలవుతుందో చెప్పాలంటే దిశ తెలిస్తే చాలదు, దూరం, కాలం కూడా కావాలి.

దూరానికీ కాలానికీ ఉన్న లంకెను మొదట విప్పింది అమెరికా భూగర్భ సర్వే శాస్త్రజ్ఞుడు చార్లెస్ థీస్. నది పక్క బావిలో పంపు వేస్తే నదికి ఎప్పుడు, ఎంత తగులుతుందో ఆయన 1941లో లెక్కగట్టాడు. 1954లో గ్లోవర్, బాల్మర్ దాన్ని ఇంజనీర్లు సులువుగా వాడుకునే రూపంలో పెట్టారు. ఆ సూత్రంలో అంకెలు వేసి చూస్తే మన ఊహలకు అందని సంగతులు బయటపడతాయి. ఉదాహరణకు 20 మీటర్ల మందపు ఇసుక పొర అనుకుందాం. దాని పారగమ్యత రోజుకు 25 మీటర్లు, అందులోంచి విడుదలయ్యే నీటి భాగం 16 శాతం. ఇసుక ఒండ్రుకు మన దేశపు భూగర్భ జల అంచనా సంఘం సూచించిన విలువ అదే. ఏటికి 250 మీటర్ల దూరంలో బోరు నడిపితే ఇరవై రోజులకు అది తోడే నీటిలో 48 శాతం ఏటి లెక్కలోంచి పోతుంటుంది, వంద రోజులకు 75 శాతం. అదే బోరు 500 మీటర్ల దూరంలో ఉంటే ఇరవై రోజులకు 16 శాతం, వంద రోజులకు 53 శాతం. దూరం రెట్టింపైతే ప్రభావం చేరే కాలం నాలుగింతలు అవుతుంది. ఇక కిలోమీటరు దూరంలోని బోరును వంద రోజులు నడిపి ఆపేశామనుకుందాం. ఆపిన రోజున అది ఏటినుంచి లాగుతున్న వాటా 21 శాతం. ఆపిన నెలరోజుల తరువాత 25 శాతం. పంపు నిలిచిపోయింది, స్విచ్ తీసేశారు, అయినా ఏటికి తగిలే నష్టం పెరుగుతూనే ఉంది. బావి చుట్టూ ఏర్పడిన గుంట నిండాలి కదా, ఆ నింపే నీరు ఏటినుంచే రావాలి. యాసంగి పంటకు తోడిన నీళ్ల బాకీని ఏరు ఎండాకాలంలో చెల్లిస్తుంది. ఇక్కడే మన చట్టం బలహీనత తెలుస్తుంది. 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం తాగునీటి వనరుకు 250 మీటర్లలోపు కొత్త బావి తవ్వకూడదంటుంది. ఆ హద్దు అమలు చేయడానికి సులువు, ఏ హద్దూ లేకపోవడంకన్నా ఎంతో మేలు. కానీ ఇసుక నేలలో 250 మీటర్లు ఏమాత్రం చాలవు, గట్టి రాతి నేలలో పగులు ఎటు పోతోందన్నది దూరంకన్నా ముఖ్యం. ఒకే కొలత రెండు నేలలకూ సరిపోదని చెప్పడానికి ఈ పాత సూత్రమే చాలు, మోడల్ దాకా కూడా పోనక్కరలేదు.

అయితే ఈ సూత్రం ఏరు గీత గీసినట్టు తిన్నగా ఉందనీ, పొర అంతటా ఒకే తీరనీ, ఏటి అడుగు ఏ అడ్డూ లేకుండా నీరు వదులుతుందనీ అనుకుంటుంది. గోదావరి అలా లేదు. ఆ వంకరలన్నీ లెక్కలోకి తేవడానికే కంప్యూటర్ అవసరమైంది. నేలను పొరలుగా, పొరలను గడులుగా కోస్తారు. ప్రతి గడికీ షావుకారు చిట్టా లాంటి ఒక లెక్క ఉంటుంది: నాలుగు పక్కలనుంచి, పైనుంచి, కిందనుంచి వచ్చినదెంత, పోయినదెంత, మిగిలిన తేడా వల్ల గడిలో మట్టం పెరిగిందా తగ్గిందా. వేల గడుల లెక్కలు ఒకదాంతో ఒకటి ముడిపడి ఉంటాయి కనుక అన్నింటినీ ఒకేసారి సరిచేస్తారు, కాలాన్ని ఒక అంగ వేసి మళ్లీ సరిచేస్తారు. మెక్‌డొనాల్డ్, హార్బా అనే ఇద్దరు 1984లో అమెరికా భూగర్భ సర్వే కోసం రాసిన మాడ్‌ఫ్లో ఈ పనికి ప్రపంచమంతటా వాడుకలోకి వచ్చింది. ఎవరైనా ఉచితంగా తెచ్చుకోవచ్చు. మన తీర్పు వచ్చిన నాలుగేళ్లకే వచ్చిందన్న సంగతి గమనించదగ్గది. 1980లో రెండు ఖాతాలను విడదీసిన న్యాయమూర్తులను తప్పుపట్టడం న్యాయం కాదు, వాటిని కలిపి లెక్కించే పనిముట్టు అప్పటికి అందరి చేతికీ అందలేదు. ఇవాళ ఆ సాకు లేదు.

ఇక అసలు ముడి. మాడ్‌ఫ్లోలో ఏటి గడికి ఒక చిన్న నియమం ఉంటుంది. ఏటికీ నీటిపొరకూ మధ్య పారే నీరు, ఆ రెండు మట్టాల తేడాను ఒక సంఖ్యతో గుణించగా వచ్చేది. ఆ సంఖ్యలో ఏటి అడుగు పొడవు, వెడల్పు, అడుగున పేరుకున్న మట్టి మందం, ఆ మట్టి నీరు పారనిచ్చే గుణం అన్నీ ఇమిడి ఉంటాయి. పొడవు, వెడల్పు ఉపగ్రహ చిత్రంలో కొలుస్తాం. మిగతా రెండూ ఏటిలో దిగితేనే తెలుస్తాయి. కిలోమీటరు పొడవు, అర కిలోమీటరు వెడల్పు ఉన్న ఏటి భాగం తీసుకుందాం. అడుగు మట్టి మందం మీటరు, మట్టాల తేడా అర మీటరు. అడుగున శుభ్రమైన సన్న ఇసుక ఉండి రోజుకు మీటరు పారగమ్యత ఉంటే రోజుకు రెండున్నర లక్షల ఘనపు మీటర్ల నీరు నేలలోకి దిగుతుంది. 113 రోజుల్లో ఒక టీఎంసీ. అదే ఇసుక మీద ఒండ్రు పొర పేరుకుని పారగమ్యత నూరో వంతుకు పడిపోతే ఆ ఒక్క టీఎంసీ దిగడానికి 31 ఏళ్లు పడుతుంది. సమీకరణం అదే, కంప్యూటరూ అదే, ఏటి మట్టమూ అదే. అడుగున వేలెడు మందం బురద ఉందా లేదా అన్న ఒక్క విషయం జవాబును నూరింతలు మార్చేసింది. పైగా ఆ సంఖ్య స్థిరంగా ఉండదు. బ్యారేజీ వెనక నీరు నెమ్మదించినప్పుడు సన్న ఒండ్రు కిందికి దిగి అడుగును మూస్తుంది, పెద్ద వరదకు గేట్లెత్తితే కొట్టుకుపోతుంది. ఇసుక తవ్వకం ఆ పొరను చీల్చి నీటికి దారి తెరవవచ్చు. అదే ఇసుక నీటిని పట్టి ఉంచే మెత్త కూడా కనుక, తోడేస్తే చెలమలకు ఆధారమైన నిల్వే పోతుంది. ఈ రెండింటిలో ఏది గెలుస్తుందో ఒక్కో చోట ఒక్కోలా ఉంటుంది. పేరున్న సంస్థ ఇచ్చిన నివేదికలో రంగురంగుల పటాలు చూసి ముగ్ధులయ్యే ముందు ఏ పాఠకుడైనా అడగవలసిన మొదటి ప్రశ్న ఇది: ఏటి అడుగు సంఖ్యను ఎక్కడ కొలిచారు, ఏ నెలలో కొలిచారు?

ఏటి అడుగు కింద ఏముందన్నది తరువాతి ప్రశ్న. గంగారం ప్రాంతంలో గోదావరి ఇసుక మేట కింద ఉన్నది కృష్ణా, గోదావరి డెల్టాల్లోలాంటి లోతైన ఒండ్రు కాదు. వాయవ్యంనుంచి ఆగ్నేయానికి సాగే ప్రాణహిత గోదావరి లోయలో గోండ్వానా ఇసుకరాళ్లు పరుచుకుని ఉన్నాయి. భూపాలపల్లి బొగ్గు ఆ రాళ్ల మధ్యదే. అవి చాలాచోట్ల నీటిని బాగా పట్టే రాళ్లు, పొరల మధ్య బంకమన్ను అడ్డు ఉంటుంది, భ్రంశాలు పొరలను విరగ్గొట్టి ఉంటాయి. బొగ్గు గనుల్లో నీళ్లు నిరంతరం తోడవలసి రావడానికి కారణం ఇదే. ఆ తోడకం చుట్టూ నీటిమట్టాలను లాగుతుంది, ఒడ్డు దగ్గర గని ఉంటే ఏటి లెక్కనూ తాకుతుంది. జనగామకు వెళ్తే కథ పూర్తిగా వేరు. అక్కడిది గ్రానైటు. పైన పదీ ఇరవై మీటర్ల మెత్తబడ్డ మొరం, దాని కింద పగుళ్ల పొర, దాని కింద నీరు పట్టని గట్టి రాయి. హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ, ఫ్రెంచి శాస్త్రజ్ఞులతో కలిసి మహేశ్వరం దగ్గర 53 చదరపు కిలోమీటర్ల పరివాహక ప్రాంతంలో ఏళ్ల తరబడి చేసిన అధ్యయనాలు ఇలాంటి గ్రానైటు నేల నీటిని విడిచే భాగం సుమారు 1.4 శాతమని తేల్చాయి. ఎకరం నేలలో నీటిమట్టం ఒక మీటరు దిగితే గోదావరి ఇసుకలో దాదాపు 650 ఘనపు మీటర్ల నీరు వస్తుంది. ఈ గ్రానైటులో అరవైకి లోపే. అందుకే జనగామలో బోరు నిన్న పోసి ఇవాళ ఎండుతుంది, ఒక మంచి వానకు మట్టం మీటర్ల కొద్దీ లేచి చూసేవాళ్లను మురిపిస్తుంది. దేవాదుల నీటితో చెరువు నింపితే చుట్టుపక్కల బావులు లేవడం నిజమే, కానీ లేచిన ఎత్తును చూసి ఇంకిన పరిమాణాన్ని ఊహిస్తే పదింతలు తప్పు పోతాం. మోడల్‌లో చెరువు కూడా ఏరులాంటిదే, దానికీ ఒక అడుగు సంఖ్య ఉంటుంది. 2015లో మొదలైన మిషన్ కాకతీయ కింద తీసిన పూడిక నిల్వను పెంచడమే కాదు, ఆ సంఖ్యనూ మార్చి ఉంటుంది. ఈ కోణంనుంచి పూడికతీతను చూస్తే ఎన్నో ప్రశ్నలు కొత్తగా పుడతాయి.

పగుళ్ల రాయి విషయంలో ఒక గట్టి అభ్యంతరం ఉంది. డార్సీ సూత్రం ఇసుకలాంటి నేలకు పుట్టినది, పగులు వెంట పరుగెత్తే నీటికి గడుల లెక్క వర్తించదు అంటారు. ఒక్క బోరును, ఒక్క పొలాన్ని చూస్తే ఈ మాట నిజం. రెండు గజాల దూరంలో ఒక బోరు పోసి ఇంకోటి పోయకపోవడాన్ని ఏ మోడలూ ముందే చెప్పలేదు, చెబుతామన్నవాళ్లను నమ్మకూడదు. కానీ చదరపు కిలోమీటర్ల మేర సగటు చూస్తే పగుళ్లు ఒకదాంతో ఒకటి కలిసి, మొత్తం మీద ఒక పొరలా ప్రవర్తిస్తాయి. మహేశ్వరం అనుభవం చెప్పేదదే. మోడల్‌ను ఊరి స్థాయిలో అడగవలసిన ప్రశ్నకు వాడాలి. బోరు ఎక్కడ వేయాలి అన్న ప్రశ్న దానికి కాదు.

ఇంతకన్నా లోతైన అభ్యంతరం ఈ విద్య లోపలినుంచే వచ్చింది. 1992లో కోనికోవ్, బ్రెడెహఫ్ట్ అనే ఇద్దరు పేరున్న నిపుణులు భూగర్భ జల మోడళ్లను నిజమని నిరూపించడం అసాధ్యమని వాదించారు. గతంలోని బావి మట్టాలతో మోడల్ సరిపోయిందంటే భవిష్యత్తుకూ సరిపోతుందని అర్థం కాదు. వేర్వేరు సంఖ్యల జోడింపులు గతాన్ని ఒకేలా వివరించగలవు. ఇంకుడు రెట్టింపు చేసి, పారగమ్యతను కూడా రెట్టింపు చేస్తే బావి మట్టాలు మారకుండా ఉండవచ్చు. రెండు లెక్కలూ పరీక్షలో నెగ్గుతాయి, రేపటి కరువుకు మాత్రం రెండు వేర్వేరు జవాబులు చెబుతాయి. ఈ వాదన మోడళ్లను కొట్టిపారేస్తుందని కొందరు అనుకుంటారు. నా దృష్టిలో అది మోడల్ ఏం చేయాలో చెబుతుంది. ఒక్క జవాబు ఇచ్చే మోడల్‌ను నమ్మవద్దు. గతంతో సరిపోయే జోడింపులన్నీ నడిపి, జవాబులు ఎంత మేర విస్తరించాయో చూపమనాలి. ఆ విస్తారాన్ని ఏ కొలత తగ్గిస్తుందో కూడా మోడలే చెప్పగలదు. బావి మట్టాలొక్కటే చూస్తే విడివడని ముడి, ఏటి ఊట ఎంతో ఒక్కచోట కొలిస్తే విడిపోతుంది. మట్టాలకు పారుదల తోడైతే రెట్టింపులు ఇక దాక్కోలేవు. నిజానికి మోడల్ కట్టని అధికారి కూడా మనసులో ఒక మోడల్‌తోనే నిర్ణయం తీసుకుంటాడు. ఈ బావులు ఏటిని ఏం చేస్తాయిలే అనుకోవడం ఒక మోడల్, అందులో అడుగు సంఖ్యను సున్నా అనుకున్నాడు. కాగితం మీద పెట్టిన ఊహను ప్రశ్నించవచ్చు, మనసులో ఉన్నదాన్ని ఎవరు ప్రశ్నిస్తారు?

గోదావరి అంత పెద్ద నదికి ఒడ్డు బావులు ఒక లెక్కా అన్నది ఎక్కువగా వినపడే మాట. జూలై, ఆగస్టు ప్రవాహం ముందు అవి లెక్కలోకి రావు, ఒప్పుకోవాలి. కానీ మోటార్లు ఆగేదీ, రాష్ట్రాల మధ్య మాటామాటా పెరిగేదీ మార్చి, ఏప్రిల్, మే నెలల్లో. అప్పుడు ఏటిలో పారేదే చాలావరకు ఊట నీరు, ఆ ఊటను తగ్గించేది యాసంగిలో తోడిన నీరు, అదీ కొన్ని వారాల ఆలస్యంతో. పెద్ద ఏటిని వదిలి వాగులకు వస్తే ఈ అభ్యంతరం పూర్తిగా వీగిపోతుంది. మేడారం జాతరకు వచ్చే లక్షల మంది స్నానానికి జంపన్నవాగులో లక్నవరం నీళ్లు వదులుతారు, వాగు ఇసుకలో తవ్విన ఊటబావులనుంచి నల్లాలకు నీరెక్కిస్తారు. వాగు నీటిని ఇసుకలోంచే తోడుకునే ఆ ఏర్పాటు నది, నేల ఒక్కటే అన్న సత్యం మీద నిలబడింది. ఎన్ని రోజుల ముందు ఎంత వదిలితే ఇసుక తడిసి, ఊటబావులు నిండి, పైన కూడా పారుతుందన్నది చిన్న మోడల్ తేల్చగల లెక్క. మహబూబాబాద్ వైపు ఆకేరు, మున్నేరుల్లో ఇంకో సంగతి ఉంది. ఒడ్డు బావులు నీటిమట్టాన్ని వాగు అడుగుకన్నా కిందికి దించేస్తే వాగుకూ నేలకూ ఉన్న లంకె తెగిపోతుంది. ఆ తరువాత బావులు ఎంత తోడినా వాగునుంచి దిగే నీరు పెరగదు, ఒక గరిష్ఠం దగ్గర ఆగిపోతుంది. అక్కడినుంచి తోడేదంతా నేల నిల్వలోంచే. చెక్‌డ్యాం కట్టేముందు వాగు తెగిందా తెగలేదా తెలుసుకోవడం అందుకే అవసరం. తెగని చోట, మట్టాలు ఇప్పటికే నిండుగా ఉన్న చోట చెక్‌డ్యాం కట్టినా నీరు దిగదు. తెగినచోట, ఖాళీ ఉన్నచోట అదే చెక్‌డ్యాం ఎంతో పని చేస్తుంది.

ఏటా భూగర్భ జల అంచనాలు వేస్తున్నారు కదా, వేరే మోడల్ ఎందుకు అనవచ్చు. కేంద్ర భూగర్భ జల మండలి, రాష్ట్ర శాఖ కలిసి వేసే ఆ అంచనాలు విలువైనవి. వాన ఇంకుడు, కాలువల ఊట, చెరువుల ఊట, పొలం మడినుంచి తిరిగి దిగే నీరు ఇవన్నీ కూడి, తోడకంతో పోల్చి, మండలానికో వర్గం ఇస్తారు. కానీ అది ఒక డబ్బా లెక్క. పక్క మండలంనుంచి వచ్చే నీరు, ఏటికి పోయే నీరు అందులో బలహీనమైన పద్దులు. ఏటి ఒడ్డున ఉన్న మండలంలో తోడకం పెరిగినా మట్టాలు దిగకపోతే ఆ మండలం క్షేమమని తేలుతుంది, కానీ దిగకపోవడానికి కారణం ఏరే ఆ లోటు పూడ్చడం కావచ్చు. క్షేమమన్న ముద్ర కింద ఏటి ఖర్చు దాగిపోతుంది. జనగామలాంటి ఏరు లేని చోట ఈ పద్ధతి చాలావరకు పనికొస్తుంది; గోదావరి ఒడ్డున మాత్రం అది కళ్లు కప్పే ప్రమాదం ఉంది.

గోదావరి మీది మేడిగడ్డ బ్యారేజీని ప్రస్తావించకుండా ఈ చర్చ పూర్తి కాదు. 2023 అక్టోబరు 21న ఆ బ్యారేజీ ఏడో బ్లాకులో పియర్లు కుంగాయి. పరిశీలించిన జాతీయ డ్యాముల భద్రతా సంస్థ, పునాది కింది ఇసుక నీటితో కొట్టుకుపోవడాన్ని కారణాల్లో ప్రధానంగా చూపి, ప్రణాళిక, డిజైను, నాణ్యత, నిర్వహణ అన్నింటిలోనూ లోపాలు ఎత్తిచూపింది. ఇసుక మీద కట్టిన కట్టడం కింద పారే నీరు కూడా ఏటికీ నేలకూ మధ్య జరిగే రాకపోకే. ఎగువన ఎత్తు, దిగువన పల్లం. నీరు పునాది కిందనుంచి దారి వెతుక్కుంటుంది, దిగువన పైకి ఉబికేచోట వేగం హద్దు దాటితే ఇసుకను వెంట తీసుకుపోతుంది. మన దేశపు ఇంజనీరు ఎ.ఎన్. ఖోస్లా తన సహచరులతో కలిసి పంజాబు కట్టడాల మీద కొలతలు తీసి 1936లో ఈ సమస్యకు ఇచ్చిన సిద్ధాంతం ఇప్పటికీ పాఠ్యాంశం. ఆయన బలమంతా కట్టడం కింద అమర్చిన పైపుల్లో కొలిచిన ఒత్తిళ్లది. కట్టేటప్పుడు వేసిన లెక్క ఎంత మంచిదైనా, కట్టిన తరువాత కింది నీటి ఒత్తిళ్లను ఏటేటా చదివి ఆ లెక్కతో పోల్చకపోతే అది చచ్చిన లెక్క. బతికున్న మోడల్ అంటే ఏమిటో తెలుసుకోవడానికి ఖోస్లాను మళ్లీ చదవాలి.

మోడల్ మీద తగువు తీర్చుకున్న రాష్ట్రాలూ ఉన్నాయి. అమెరికాలో రిపబ్లికన్ నది నీటిని కొలరాడో, నెబ్రాస్కా, కాన్సస్ 1943 ఒప్పందంతో పంచుకున్నాయి. అందులో బావుల మాట లేదు. నెబ్రాస్కాలో బోర్లు పెరిగి దిగువన ఏరు తగ్గిందని కాన్సస్ 1998లో సుప్రీంకోర్టుకెక్కింది. బావులు ఏటినుంచి లాగే నీరు ఒప్పందం లెక్కలోకే వస్తుందని తేలాక, 2002 చివర్లో కుదిరిన రాజీలో మూడు రాష్ట్రాల నిపుణులు కలిసి కట్టే ఒకే మోడల్‌ను లెక్కకు ఆధారంగా ఒప్పుకున్నారు. ఆ తరువాతా తగాదాలు ఆగలేదు, కానీ అవి పరిశీలించదగిన అంకెల మీద జరిగాయి. మనదగ్గర సమ్మక్క బ్యారేజీ ముంపు మీద ఛత్తీస్‌గఢ్ లేవనెత్తిన అభ్యంతరాలు, పోలవరం నిల్వ నీటి వల్ల కిన్నెరసాని, ముర్రేడువాగుల పారుదల మందగిస్తుందన్న తెలంగాణ ఆందోళన రెండూ ఒకే స్వభావం కలవి. ఒకచోట మనం ఎగువ వాళ్లకు జవాబు చెప్పవలసి వచ్చిన వాళ్లం, ఇంకోచోట మనకు జవాబు రావలసిన వాళ్లం. రెండుచోట్లా నేల మీద మునిగే గీతనే పటం మీద గీస్తున్నారు. ఆ గీతకు అవతల నేల కింద మట్టం లేచి, పొలం మునగకుండానే పాడయ్యే మేర ఒకటి ఉంటుంది. దాన్ని గీయగలిగేది ఏటినీ నేలనూ కలిపి లెక్కించే మోడల్ మాత్రమే. ఒక తగువులో మనకు పనికొచ్చిన లెక్కను ఇంకో తగువులో వద్దనలేం కనుక, అందరూ ఒప్పుకున్న ఒకే లెక్క ఉండటం తెలంగాణకే ఎక్కువ లాభం.

గంగారం దగ్గర ఆ లెక్క మొదలుపెట్టడానికి ఏం కావాలో చెప్పడం కష్టం కాదు. ఏటికి అడ్డంగా, ఒడ్డునుంచి రెండు మూడు కిలోమీటర్ల దాకా పరిశీలన బావుల వరసలు కావాలి: ఒకటి బ్యారేజీ నిల్వ మధ్యన, ఒకటి నిల్వ నీరు ఆగే ఎగువ కొసన, ఒకటి బ్యారేజీకి దిగువన. ప్రతి వరసలో ఇసుకలోకి ఒకటి, కింది ఇసుకరాయిలోకి ఒకటి జంటగా దించాలి, ఆ రెండు పొరలు మాట్లాడుకుంటున్నాయా లేదా తెలియడానికి. ఏటి మట్టాన్ని కేంద్ర జల సంఘం పేరూరు, ఏటూరునాగారం దగ్గర చూస్తూనే ఉంది; బావుల్లోని యంత్రాలు అదే గంటకు అదే ప్రమాణంలో చదివేటట్టు కలపాలి. ఏటి అడుగుకు వేడిమి కొలిచే పరికరాలు చౌకైనవి, నమ్మదగినవి. ఏటి నీరు పగలు వేడెక్కి రాత్రి చల్లబడుతుంది, నేలలోని నీరు అంతగా మారదు. ఇసుకలో అడుగు లోతున, మూడడుగుల లోతున ఆ హెచ్చుతగ్గులు ఎంత అందుతున్నాయో చూస్తే నీరు కిందికి దిగుతోందో పైకి ఊరుతోందో, ఎంత వేగంతోనో తెలుస్తుంది. నీటి జాడను ఐసోటోపుల ద్వారా పట్టే నైపుణ్యం హైదరాబాదులోనే ఉంది. ఒడ్డు బోర్లు ఏ నెలలో ఎన్ని గంటలు నడుస్తున్నాయో రైతులనే అడగాలి, అది వాళ్లకన్నా ఎవరికీ తెలియదు. చెలమ ఏ నెలలో ఎంత లోతున ఊరేదో, బ్యారేజీ వచ్చాక ఎంత లోతున ఊరుతోందో కూడా ఆ ఊళ్ల ఆడవాళ్లు చెప్పగలరు. గేట్లు దించి నీరు నింపే రోజులూ, ఎత్తి ఖాళీ చేసే రోజులూ ఎవరూ ఖర్చుపెట్టి ఏర్పాటు చేయలేనంత పెద్ద ప్రయోగాలు. ఏటి మట్టం కొన్ని రోజుల్లో మీటర్ల కొద్దీ మారినప్పుడు ఒడ్డునుంచి వంద మీటర్లలో ఉన్న బావి ఎన్ని గంటలకు స్పందించింది, కిలోమీటరులో ఉన్నది ఎన్ని వారాలకు స్పందించింది అన్న ఆ రెండు రీడింగులు చేతికొస్తే, నూరింతల తేడాతో ఊగిసలాడే ఏటి అడుగు సంఖ్య కొద్ది రెట్లలోపు హద్దుకు వస్తుంది. వచ్చే వానాకాలం చివర గేట్లు దించే రోజుకు ఆ బావులు సిద్ధంగా ఉండాలి.